లక్క కొమ్మలు తెచ్చినవాళ్ళ పేర్లు ఏమయ్యాయి?



మొన్నామధ్య ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అడవిలో పురుగుల సర్వే అంటారు కదా, పురుగులు లెక్కపెట్టడం కూడా ఒక చదువేనా?" అని. అప్పుడు రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకున్నాను. ఇది కొంచెం పెద్ద జవాబు. పురుగుల లెక్క చదువే, కానీ దానికో చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనవాళ్ళు మొదటి నుంచీ ఉన్నారు. ఉన్నట్టు మాత్రం ఎవరూ రాయలేదు. ఓపిగ్గా చదవండి.

1789 నవంబరు 20. ఊరు సామర్లకోట. ఈస్టిండియా కంపెనీ సర్జన్ విలియం రాక్స్‌బర్గ్ దగ్గరికి కొండల నుంచి లక్క పట్టిన చిన్న చిన్న కొమ్మలు వచ్చాయి. మిమోసా సినేరియా అనే చెట్టు కొమ్మలవి, తెలుగులో వెలుతురు చెట్టు అంటారు. లక్క తాజాగా ఉంది. ఆయన వాటిని జాగ్రత్త చేశాడు. సరిగ్గా పద్నాలుగు రోజులకి, డిసెంబరు 4న చూస్తే కొమ్మల నిండా ఎర్రటి పిల్లపురుగులు, కంటికి ఆనీ ఆనకుండా, వేలకు వేలు పాకుతున్నాయి. రోజూ చూసి, కాళ్ళు, మీసాలు, తోక వెంట్రుకలతో సహా అన్నీ రాసి పంపాడు. అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో ఒకసారి, 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఇంకోసారి అచ్చయింది. లక్క పురుగు గురించి శాస్త్రానికి తెలిసిన తొలి సంగతుల్లో కొన్ని అలా గోదావరి జిల్లా నుంచి ప్రపంచానికి వెళ్ళాయి.

ఇప్పుడు ఒక్క విషయం గమనించండి. ఆ వ్యాసంలో చెట్టు పేరుంది, తేదీ ఉంది, పురుగు కాళ్ళ లెక్క ఉంది. కొమ్మలు కొండల నుంచి "వచ్చాయి" అని ఉంది. ఎవరు తెచ్చారో లేదు.

లక్క కొమ్మలు వాటంతట అవి నడిచి రావు కదా. ఏ చెట్టుకి లక్క పడుతుందో తెలిసినవాడు కావాలి. ఏ నెలలో కొయ్యాలో తెలిసినవాడు కావాలి. లక్క పెంచే ఏ రైతునైనా అడగండి, విత్తన లక్కని పిల్లపురుగులు బయటికొచ్చే ముందు కొన్ని రోజుల్లోనే కొయ్యాలంటాడు. మరీ ముందు కోస్తే లోపలే చచ్చిపోతాయి, ఆలస్యమైతే వెళ్ళిపోయి ఉత్త డొల్ల మిగులుతుంది. సామర్లకోట చేరిన పద్నాలుగు రోజులకి పిల్లలు బయటికొచ్చాయంటే, కోసినవాడికి సమయం తెలిసే కోసి ఉంటాడని నా అనుమానం. అదృష్టం కొద్దీ అలా కుదిరింది అనేవాళ్ళు ఉండొచ్చు. నాకైతే కొండ మీద బతికినవాడి లెక్కే కనిపిస్తోంది.

సామర్లకోట ఎక్కడో లేదు. నేను చదువుకునే అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన దాటి, యానాం, కాకినాడ మీదుగా బస్సులో వెళ్ళిపోవచ్చు. అటు చూస్తే కోనసీమ లంకలు, ఇటు చూస్తే రంపచోడవరం కొండలు. డెల్టాకీ మన్యానికీ మధ్య సంత లాంటి చోటు. కొండ సరుకు దిగేది అక్కడికే. సరుకుతో పాటు కొండవాళ్ళకి తెలిసిన సంగతులూ దిగేవి.

రాక్స్‌బర్గ్‌ని తిట్టడానికి ఇది రాయడం లేదు. నిజానికి ఆ కాలంలో ఆయన కొంత నయం. మొక్కల గురించి రాసినప్పుడు తెలుగు పేర్లు అడిగి మరీ రాసుకున్నాడు. ఆయన పుస్తకాలు తిరగేస్తే లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. అంటే ఊరివాళ్ళతో మాట్లాడాడన్నమాట. లక్క పురుగు గురించి మొదట రాసింది కూడా ఆయన కాదు, పాట్నా నుంచి జేమ్స్ కెర్ అనే ఆయన 1781లోనే రాశాడు. అందుకే ఇవాళ లక్క పురుగు శాస్త్రీయ నామం కెర్రియా లక్కా. కెర్ పేరు అందులో శాశ్వతంగా ఉండిపోయింది. అందులో "లక్కా" మన దేశపు మాటే. మాట మనది, ఇంటి పేరు వాళ్ళది.

పేర్లంటే గుర్తొచ్చింది, కరివేపాకు తెలుసు కదా. దాని శాస్త్రీయ నామంలో చివరి మాట కోనిగై. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడి పేరు మీద లినేయస్ పెట్టాడు. కోనిగ్ లినేయస్ శిష్యుడు. 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చాడు, తర్వాత కంపెనీ కొలువులో చేరాడు, చివరికి 1785 జూన్‌లో మన కాకినాడ దగ్గర జగన్నాయకపురంలో చనిపోయాడు. రాక్స్‌బర్గే దగ్గరుండి వైద్యం చేశాడు. కోనిగ్ పేరు పెట్టుకున్న పురుగు కూడా ఒకటుంది. పత్తి చేల్లో, బూరుగు చెట్ల కింద ఎర్రగా, వీపు మీద నల్లచుక్కలతో, రెండు రెండు అతుక్కుని తిరుగుతుంటాయి చూడండి, ఆ ఎర్రనల్లి. 1775లో ఫాబ్రిసియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దానికి కోనిగ్ పేరు పెట్టాడు. మనం చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆడుకున్న పురుగది.

కోనిగ్ రాసినవాటిలో మనకి బాగా పనికొచ్చేది చెదపురుగుల మీద 1779లో బెర్లిన్‌లో అచ్చయిన వ్యాసం. చెదల మీద వచ్చిన తొలి శాస్త్రీయ రచనల్లో అదొకటి. అందులో ఊరివాళ్ళు ఉసిళ్ళు పట్టే పద్ధతి ఉంది: పుట్టకి గాలి వచ్చే వైపు ఒక కన్నం, అటువైపు ఇంకో కన్నం పెడతారు. ఒక కన్నం దగ్గర ఘాటైన పొగ వేస్తారు. అవతలి కన్నానికి లోపల వాసన ఆకులు రాసిన కుండ బోర్లిస్తారు. ఉసిళ్ళన్నీ పొగకి తట్టుకోలేక కుండలోకి వస్తాయి. తర్వాత పిండితో కలిపి రొట్టెల్లా చేసి అమ్ముతారని కూడా రాశాడు. చూశారా? గాలి ఎటు వీస్తుందో, పుట్ట లోపల దారులు ఎలా ఉంటాయో, ఉసిళ్ళు ఏ పూట ఎగురుతాయో తెలియకుండా ఈ పని జరగదు. అదంతా పరిశీలనే, పేరుకే తిండి కోసం. ఇవాళ్టికీ తొలకరికి మన ఊళ్ళలో దీపం పెట్టి, కింద నీళ్ళ పళ్ళెం పెట్టి ఉసిళ్ళు పడతాం, వేయించుకుని తింటాం. పట్నం హాస్టల్లో ఈ మాట చెబితే కొందరు ముక్కు మూసుకుంటారు. చెప్పడం మానకండి. మీరు తినేదాని మీద బెర్లిన్‌లో వ్యాసం అచ్చయి రెండు వందల నలభై ఏళ్ళు దాటింది.

ఫాబ్రిసియస్ ఎప్పుడూ ఇండియాకి రాలేదు. అక్కడ కూర్చుని, ఓడల్లో వెళ్ళిన పెట్టెలు తెరిచి, సూదికి గుచ్చిన పురుగులకి ఒక్కొక్కటిగా పేర్లు పెట్టాడు. మామిడాకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమకి 1775లో పెట్టాడు. చింతూరు అవతల బస్తర్ వైపు చట్నీ చేసుకునేది ఆ చీమతోనే. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసీల ఎర్రచీమల చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తేనెటీగలూ అంతే. జుంటీగకి 1787లో, కొండ అంచుల్లో పెద్ద పెద్ద పెరలు పెట్టే ఈగకి 1793లో, తొర్రలో, పుట్టలో పెట్టే ఈగకి కూడా అదే ఏడు. మూడూ ఆయన పెట్టిన పేర్లే. మరి ఈ మూడూ వేరు వేరు ఈగలని మన తాతలకి 1793లో తెలిసిందా? ఒకదానికి పొగ కావాలి, ఒకదానికి చెయ్యి చాలు, ఒకదానికి రాత్రి పూట తాడు కట్టుకుని దిగాలి. తేడా తెలియకపోతే ప్రాణం పోతుంది. శాస్త్రం చేసింది తక్కువ పనని అనను. పేరు, కొలత, బొమ్మ, అచ్చు, ఇవి ఉంటేనే ఒక దేశంలో తెలిసింది ఇంకో దేశానికి చేరుతుంది. కానీ "కనుక్కున్నారు" అనే మాట దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి.

తర్వాతి శతాబ్దానికి వద్దాం. థామస్ జెర్డాన్ అని మద్రాసు సైన్యంలో డాక్టరు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు అడవి సంగతుల కోసం, స్థానిక పేర్ల కోసం యానాదుల మీద ఆధారపడ్డాడు. పక్షుల మీద ఆయన పుస్తకాలు ప్రసిద్ధి, కానీ 1851లో దక్షిణ భారతపు చీమల జాబితా ఒకటి అచ్చు వేశాడు. అందులో ఎగిరి గంతేసి వేటాడే ఒక చీమ ఉంది, హార్పెగ్నాథస్ సాల్టేటర్. 2010లో మొట్టమొదటిసారి రెండు చీమల జన్యుపటం మొత్తం చదివితే, అందులో ఒకటి ఇదే. జెర్డాన్ దాన్ని పుట్ట దగ్గర కూర్చుని, కదలికలు చూసి రాశాడు. చిక్కేమిటంటే ఆయన వర్ణించిన చీమల నమూనాలు సరిగా మిగల్లేదు. తర్వాత వచ్చినవాళ్ళకి కొన్ని పేర్లు ఏ చీమవో తేల్చడం తలనొప్పి అయింది. నమూనా లేకపోతే పేరు గాలిలో ఉంటుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

ఇలా సహాయకుల పేరు మింగెయ్యడం అన్నిచోట్లా జరిగిందా అంటే, ఒక మినహాయింపు చెప్తాను. ఆల్ఫ్రెడ్ వాలెస్ 1854 నుంచి 1862 దాకా మలయా ద్వీపాల్లో తిరిగి 1,25,660 నమూనాలు పోగు చేశాడు. అందులో 83,200 పెంకుపురుగులే. సరావాక్‌కి చెందిన అలీ అనే కుర్రాడు ఆయన వెంట ఏళ్ళ తరబడి ఉన్నాడు. వంటవాడిగా చేరి, చివరికి పిట్టల్ని కొట్టడం, చర్మం ఒలవడం, అన్నింటిలో వాలెస్‌కే కుడిభుజం అయ్యాడు. వాలెస్ అతని పేరు రాశాడు, ఫోటో తీయించాడు. అందుకే ఇవాళ అలీ మీద వ్యాసాలు రాస్తున్నారు. ఒక్క పేరు, ఒక్క ఫోటో ఉంటే చాలు, నూట అరవై ఏళ్ళ తర్వాత కూడా మనిషి దొరుకుతాడు. మన లక్క కొమ్మల మనిషి దొరకడు.

ఇక ఇరవయ్యో శతాబ్దం. 1916లో కలకత్తాలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పెట్టారు. దానికి ముందు నుంచే "ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా" సంపుటాలు వస్తున్నాయి. 1914లో బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ మద్రాసు ప్రభుత్వం తరఫున దక్షిణ భారత కీటకాల మీద పెద్ద పుస్తకం వేశాడు. కానీ అప్పటికి పురుగుని చూసే చూపు మారింది. పంట తినే పురుగా, కాదా? తింటే రాసుకో, లేకపోతే వదిలెయ్. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలు పడి, గన్నవరం అక్విడెక్టు మీదుగా కోనసీమ లంకల్లోకి కూడా నీళ్ళు వచ్చాయి కదా. డెల్టా మొత్తం వరీ కొబ్బరీ అయింది. దాంతో డెల్టా పురుగుల జాబితా అంటే కొబ్బరి శత్రువుల జాబితా అయిపోయింది: కొమ్ముపురుగు, ఎర్రముక్కు పురుగు, నల్లతల గొంగళి, ఆకుతేలు. ఇవి ప్రతి రైతుకీ తెలుసు. వీటిని తినే పురుగులు? అవి ఎన్ని రకాలు? అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ.

ఆ తేడా ఏమిటో కోనసీమకి తెల్లదోమ నేర్పింది. సర్పిలాకార తెల్లదోమ అంటారు. మధ్య అమెరికా నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో మొదట కనపడింది, కొద్ది కాలానికే గోదావరి జిల్లాలకి వచ్చేసింది. ఆకు అడుగున తెల్లటి సుడులు, పైన జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి. అంబాజీపేట దగ్గర ఒక తోటలో నేను చూశాను, కింద ఉన్న అరటి, జామ ఆకులు కూడా బొగ్గు పూసినట్టు ఉన్నాయి. ఆ తోట ఆయన్ని "బాబాయ్ గారూ, మందు కొట్టలేదా?" అని అడిగితే, "కొడదామనే అనుకున్నాం బాబూ. కొట్టొద్దన్నారు. దాని లోపల ఇంకో పురుగు పుడతందంట, అదే దీన్ని తినేస్తదంట. మందు కొడితే ఆ పురుగు ముందు పోద్దంట" అన్నాడు. నమ్మకంగా కాదు, నవ్వుతూ అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే పిసరంత కందిరీగ చుట్టం ఉంది. తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలి నుంచి తినేస్తుంది. దీన్ని ఎవరూ తెచ్చి వదల్లేదు, తెల్లదోమ ఉన్న తోటల్లోనే ఉన్నట్టు సర్వేల్లో బయటపడింది. ఆకులు తిప్పి, భూతద్దం పెట్టి, చిల్లు పడిన పిల్లలెన్ని, పడనివెన్ని అని లెక్కపెట్టిన వాళ్ళున్నారు కాబట్టి ఆ సంగతి తెలిసింది. అందుకే రసాయన మందులు వద్దన్నారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు ఐసేరియా అనే శిలీంధ్రాన్ని, తెల్లదోమని తినే ఒక రెక్కలపురుగుని పెంచి రైతులకి ఇస్తున్నారు. నల్లతల గొంగళికి కూడా పరాన్నజీవి పురుగుల్నే పెంచి వదులుతారు. పురుగుల లెక్క వల్ల ఏం లాభం అని అడిగేవాళ్ళకి కోనసీమ కొబ్బరి చెట్టు కన్నా దగ్గరి ఉదాహరణ నా దగ్గర లేదు.

తోటలో అయితే ఒక చెట్టు, పది పురుగులు. అడవిలో? అక్కడ లెక్క ఎలా పెడతారో కొంచెం చెప్తాను, ఎందుకంటే మనలో కొందరికి రేపు ఈ పని దొరకొచ్చు. రాత్రి తెల్లగుడ్డ కట్టి వెనక లైటు పెడితే రెక్కల పురుగులు వచ్చి వాల్తాయి. నేలలో ప్లాస్టిక్ గ్లాసు మట్టానికి పాతితే పాకేవి పడతాయి. వలతో గడ్డి మీద ఊపుకుంటూ నడిస్తే ఎగిరేవి వస్తాయి. మెలేస్ ట్రాప్ అని డేరా లాంటిది ఇంకోటి ఉంది. స్వీడన్‌కి చెందిన రెనే మెలేస్ 1930ల్లో బర్మా అడవులకి వెళ్ళాడు. ఆయన డేరాలోకి దూరిన పురుగులు పైకి పాకి, మూలన ఉన్న కన్నంలోంచి బయటికి పోవడం చూసి, ఆ కన్నం దగ్గర సీసా పెడితే పోదా అనుకున్నాడు. అంతే. ప్రపంచమంతా ఇవాళ అదే వాడుతోంది.

చెట్టు పైకొమ్మల్లో ఉండేవాటి కోసం టెర్రీ ఎర్విన్ పనామాలో పొగమందు పైకి కొట్టి, కింద పడ్డవి ఏరాడు. ఒకే జాతి చెట్లు 19, వాటి మీద పెంకుపురుగులే 1,100 రకాల పైచిలుకు. ఆ లెక్క పట్టుకుని 1982లో ఉష్ణమండలంలో మూడు కోట్ల రకాలు ఉండొచ్చన్నాడు. అది మరీ ఎక్కువని తర్వాత తేల్చారు. ఇప్పుడు కీటకాలు దాదాపు 55 లక్షల రకాలని అంచనా. పేరు పెట్టినవి పది లక్షలు. అంటే ప్రతి అయిదింటిలో నాలుగింటికి శాస్త్రంలో ఇంకా పేరే లేదు. ఊళ్ళో పేరు ఉండొచ్చు.

ఒక్కసారి లెక్కపెట్టి వదిలేస్తే కూడా లాభం తక్కువ. జర్మనీలో క్రెఫెల్డ్ అనే ఊళ్ళో పురుగులంటే ఇష్టం ఉన్నవాళ్ళ సంఘం ఒకటి ఉంది. ఎక్కువమంది ఉద్యోగ శాస్త్రవేత్తలు కారు. 63 రక్షిత ప్రాంతాల్లో మెలేస్ డేరాలు కట్టి, పడ్డ పురుగుల్ని తూకం వేస్తూ పోయారు. 27 ఏళ్ళ లెక్క కలిపి 2017లో చూస్తే, ఎగిరే పురుగుల బరువు మూడొంతులు తగ్గిపోయింది. చుట్టూ కంచె ఉంది, బోర్డు ఉంది, చెట్లు ఉన్నాయి. పురుగుల్లేవు. పాత తూకం రాసి పెట్టకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

ఇప్పుడు మన గోదావరికి రండి. కింద కోరింగ అభయారణ్యం, 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పైన పాపికొండలు, అదీ 1978లో అభయారణ్యం, 2008లో నేషనల్ పార్కు అయింది, 1,012 చదరపు కిలోమీటర్లు. మధ్యలో కోనసీమ. కోనసీమలోనూ కాట్రేనికోన వైపు బలుసుతిప్ప, మగసానితిప్ప దగ్గర మడ అడవులున్నాయి, కాకపోతే అవి అభయారణ్యం గీతకి బయట ఉన్న రిజర్వు అడవులు. నల్లమడ పూసినప్పుడు వెళ్తే ఈగలు, తేనెటీగలు, కందిరీగలతో చెట్టు మోగిపోతుంటుంది. ఆ పురుగులు పూత మీద వాలకపోతే కాయ తగ్గుతుంది, కాయ తగ్గితే కొత్త మడ తగ్గుతుంది, మడ తగ్గితే తుఫానుకి ఊరికి అడ్డం పోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళు గోదావరి మడ చెట్ల పరాగ సంపర్కం మీద ఏళ్ళుగా పనిచేశారు. వాళ్ళకి కూడా ఆటుపోట్ల వేళలు, పడవ దారులు చెప్పేది అక్కడి మత్స్యకారులే.

పాపికొండల్లో దారి చెప్పేది ఎవరో నేను చెప్పక్కర్లేదు. కొండరెడ్లు, కోయలు. రేపు ఏ సర్వే బృందం వచ్చినా ముందు నడిచేది మనవాళ్ళే, డేరా మోసేది మనవాళ్ళే, "ఈ పురుగు ఈ చెట్టు మీదే ఉంటుంది సార్" అని చెప్పేదీ మనవాళ్ళే. రిపోర్టులో మాత్రం చివరి పేజీలో "స్థానికుల సహకారానికి కృతజ్ఞతలు" అని ఉంటే అది 1789 నాటి మాటే అవుతుంది.

ఇలాగే ఉండాలని రూలేం లేదు. కోస్టారికాలో 1989లో ఇన్‌బియో అనే సంస్థ పెట్టినప్పుడు పల్లెల్లో ఉండే రైతుల్ని, ఇల్లాళ్ళని, అడవి కాపలాదారుల్ని తీసుకుని నెలల తరబడి శిక్షణ ఇచ్చి, పురుగులు పట్టడం, సూదికి గుచ్చడం, వర్గాలుగా విడదీయడం నేర్పి, జీతం ఇచ్చి ఉద్యోగులుగా పెట్టుకున్నారు. పారాటాక్సానమిస్టులు అన్నారు. పపువా న్యూగినీలో మదాంగ్ దగ్గర బినాటాంగ్ పరిశోధన కేంద్రం ఉంది. బినాటాంగ్ అంటే వాళ్ళ టోక్ పిసిన్ భాషలో పురుగు. అక్కడి ఊరి కుర్రాళ్ళే పురుగులు పట్టి, పెంచి, శాస్త్రవేత్తలతో కలిసి వ్యాసాల మీద పేరు పెట్టుకున్నారు. తొమ్మిదో తరగతి దాకా చదివినవాడు కూడా ఒక గుంపు పురుగుల్లో ప్రవీణుడు కాగలడని ఆ రెండు చోట్లా రుజువైంది. మనలో డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు ఎంతమంది?

చట్టం కూడా కొంత మన వైపే ఉంది, తెలుసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో పోడు పట్టాల గురించి మాత్రమే మనం మాట్లాడుకుంటాం. అదే సెక్షన్‌లో జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి మేధో హక్కు ఉంటుందని కూడా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. కేరళలో కాణి ఆదివాసీలు 1987లో కొండెక్కుతున్న శాస్త్రవేత్తలకి అలసట తీరే ఒక కాయ ఇచ్చారు, దాంతో "జీవని" అనే మందు వచ్చింది. లైసెన్సు డబ్బులో, రాయల్టీలో సగం కాణి వాళ్ళకన్నారు. ఆ పంపకంలో గొడవలు రాలేదని కాదు. కానీ ఆ కాయ చూపించింది కాణి వాళ్ళేనని రాతపూర్వకంగా ఉంది కాబట్టే ఆ మాత్రం అడగగలిగారు.

ఇంకోటి, జాగ్రత్త. ఉత్సాహం కొద్దీ పార్కులోకి వెళ్ళి పురుగులు పట్టకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో పరిశోధనకి అనుమతి తప్పనిసరి, కొన్ని సీతాకోకచిలుకలకి పులి లాగే రక్షణ ఉంది. 2008లో డార్జిలింగ్ వైపు సింగలీలా పార్కులో అనుమతి లేకుండా పురుగులు పట్టినందుకు ఇద్దరు చెక్ దేశస్థుల్ని అరెస్టు చేశారు. మనకి ఫోన్ కెమెరా చాలు. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, కూర్చున్న ఆకు కనపడేలా ఒకటి. జెర్డాన్ చీమల గతి మీ పేర్లకి పట్టకూడదంటే ఫోటో లేకుండా పేరు రాయొద్దు.

ముందు రాయాల్సింది ముంపు ఊళ్ళవి. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. దాని కింద ఉన్న ఊళ్ళ నుంచి జనం కాలనీలకి వెళ్ళారు, వెళ్తున్నారు. ఇంటికి లెక్క కట్టారు, మామిడి చెట్టుకి, తాడిచెట్టుకి లెక్క కట్టారు. పురుగుకి ఎవరూ పరిహారం అడగరు, సరే. కానీ ఏటి ఒడ్డున ఏ చెట్టు మీద ఏ నెలలో ఏది మోగుతుందో తెలిసిన ముసలివాళ్ళు ఇప్పుడు రేకుల కింద, చెట్టు లేని వీధిలో కూర్చుని ఉన్నారు. పురుగు కనపడకపోతే పేరు నోట్లోకి రాదు. మా అవ్వకి ఫోన్‌లో ఫోటోలు చూపిస్తే కొన్నింటికి టక్కున చెప్పేది, కొన్నింటికి "దీని అరుపు వినిపించు, చెప్తా" అనేది. కీచురాళ్ళని ఆవిడ చెవితోనే గుర్తుపట్టేది. అలాంటివాళ్ళ దగ్గర గొంతు రికార్డు చేసుకోండి. కోయ మాట కోయలోనే, కొండరెడ్డి మాట వాళ్ళు పలికినట్టే రాయండి, తెలుగులోకి దిద్దకండి. ఆరుద్ర పురుగుకి ఎనిమిది కాళ్ళు, అది సాలీడు చుట్టం, కీటకం కాదని ఎవరో ఒకరు దిద్దుతారు. దిద్దనివ్వండి, పేరు మాత్రం జాబితాలోంచి తీయకండి.

మ్యూజియంలో ప్రతి పురుగు కిందా సూదికి ఒక చిన్న చీటీ ఉంటుంది. అందులో ఊరు, తేదీ, ఆ తర్వాత "లెగ్" అని ఒక పొట్టి మాట, దాని పక్కన ఒక పేరు. లాటిన్‌లో పట్టి తెచ్చినవాడు అని అర్థం. ఇంకో చీటీలో "డెట్" అని ఉంటుంది, అది గుర్తుపట్టి శాస్త్రీయ నామం చెప్పినవాడిది. రెండూ వేరు వేరు గళ్ళు. ఎవరైనా సర్వేకి మిమ్మల్ని తోడు రమ్మంటే, కూలి ఎంతో అడిగినట్టే లెగ్ దగ్గర ఎవరి పేరు రాస్తారో కూడా అడగండి. నా నోటుబుక్కులో ఇప్పటికి మా ఊరి పురుగుల పేర్లు ఆరు పేజీలు అయ్యాయి, సగానికి కూడా శాస్త్రీయ నామం దొరకలేదు. వర్రామచంద్రపురం, కూనవరం, దేవీపట్నం వైపువాళ్ళు ఎవరైనా మీ ఊరివి పంపితే కలుపుతాను. పేరు, చెట్టు, నెల, చెప్పినవాళ్ళు ఎవరు, ఈ నాలుగూ ఉండాలి. చెప్పినవాళ్ళు తమ పేరు రాయొద్దంటే ఊరి పేరైనా రాయండి.